త్యాగయ్యకు బాలమురళి ఏమవుతారు?

కోనసీమలో ఎవరి పేరు ఎత్తినా వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: "ఆయన మీకేమవుతారండీ?" మంగళంపల్లి బాలమురళీకృష్ణ విషయంలోనూ ఇదే అడుగుతారు. కాకపోతే అక్కడ అడిగేది త్యాగరాజస్వామికి ఏమవుతారని. ఇద్దరి పేర్లూ ఏళ్ల తరబడి కలిపి వినీ వినీ, ఎక్కడో చుట్టరికం ఉండే ఉంటుందని చాలామంది స్థిరపరచుకున్నారు. రక్తసంబంధం లేదు. ఉన్న సంబంధం వేరే రకం. అది పాటలో ఏ చోట వినపడుతుందో, పిల్లలు దాన్ని అందుకోబోయి ఎక్కడ జారతారో చెప్పాలంటే ముందు వరసలు తేల్చుకోవాలి.

త్యాగయ్యగారిది కాకర్ల వారి కుటుంబం. ప్రకాశం జిల్లా కాకర్ల నుంచి తంజావూరు సీమకు తరలిపోయిన ములకనాటి తెలుగువాళ్లు. 1767లో తిరువారూరులో పుట్టారు, తిరువయ్యారులో కావేరి ఒడ్డున బతికారు, 1847లో పుష్య బహుళ పంచమినాడు సిద్ధి పొందారు. కూతురు సీతాలక్ష్మి. ఆమె కొడుక్కి తాతగారి పేరే పెట్టారు. ఆ మనవడు సంతానం లేకుండా పోవడంతో ఆ కొమ్మ అక్కడితో ఆగిపోయింది.

చుట్టాల్లో ఒకాయన మాత్రం పాటను గట్టిగా పట్టుకున్నారు. ఆయన మానాంబుచావడి వెంకటసుబ్బయ్యగారు. ఇంటిపేరు ఆకుమడుగుల. త్యాగయ్యకు బంధువూ, శిష్యుడూ కూడా. సొంతంగా కృతులు కట్టారు, వాటిలో ‘వేంకటేశ’ అని ముద్ర, అంటే సంతకం లాంటి మాట, పెట్టుకున్నారు. వాగ్గేయకారుడి (మాటా, పాటా తానే కట్టినవాడి) చుట్టం, పైగా గాయకుడు అన్న మాట అచ్చంగా సరిపోయేది ఈయనకే గానీ, మన వైపు ఈయన పేరు తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఈయన దగ్గర పాఠం చెప్పుకున్నవాళ్లలో మహా వైద్యనాథ అయ్యరు, పట్నం సుబ్రహ్మణ్య అయ్యరు ఉన్నారు. ఆ పాయ అరవదేశంలో పారింది. రెండో పాయ కృష్ణా జిల్లా పెదకళ్లేపల్లికి వచ్చింది, సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారి ద్వారా. (సినిమాలకు సంగీతం చేసిన సుసర్ల దక్షిణామూర్తి ఈ శాస్త్రిగారి మనవడు. ఇద్దరినీ ఒకరే అనుకుని రాసేవాళ్లు ఇప్పటికీ కనపడుతున్నారు.) శాస్త్రిగారి శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు, పంతులుగారి శిష్యుడు బాలమురళి. త్యాగయ్యగారిని ఒకటో తరంగా పెట్టుకుంటే బాలమురళిది అయిదో తరం. మన వరసల్లో చెప్పాలంటే ఇనిమనవడు.

ఇక ఊరు. పాలకొల్లు వైపు నుంచి వస్తే చించినాడ వంతెన మీద వశిష్ఠ గోదావరి దాటగానే దిండి, ఆ తర్వాత మలికిపురం. శంకరగుప్తం ఆ మండలంలోదే. పాత లెక్కలో రాజోలు తాలూకా. ఈ మధ్య ఆ ఊరి పేరు పేపర్లో వస్తే అది డ్రెయిన్‌లోకి ఎగదన్నే ఉప్పునీళ్ల గురించీ, ఎండిపోయే కొబ్బరిచెట్ల గురించీ. 1930 జులై 6న బాలమురళి అక్కడ పుట్టారు. తండ్రి పట్టాభిరామయ్యగారు సంగీత విద్వాంసుడు, వేణువు వాయించేవారు. తల్లి సూర్యకాంతమ్మగారు వీణ వాయించేవారు, బిడ్డ పసిగుడ్డుగా ఉండగానే పోయారు. తండ్రి పిల్లవాణ్ణి విజయవాడ తీసుకెళ్లి పంతులుగారి చేతిలో పెట్టారు. ఎనిమిదో ఏట విజయవాడ త్యాగరాజ ఆరాధనలో మొదటి కచేరీ. అప్పటిదాకా ఆయన పేరు మురళీకృష్ణే. ముందు ‘బాల’ చేర్చింది హరికథా భాగవతులు ముసునూరి సూర్యనారాయణమూర్తిగారు. 2016 నవంబరు 22న చెన్నైలో పోయేనాటికి ఎనభై ఆరేళ్లు, పేరు ముందు ‘బాల’ అలాగే ఉంది.

ఆయనకు వచ్చిన బిరుదులూ అవార్డులూ ఎక్కడైనా దొరుకుతాయి. 1971లో పద్మశ్రీ, 1991లో పద్మవిభూషణ్ అని రాసి వదిలేస్తున్నాను. పాఠం దగ్గరికి వద్దాం.

పాఠాంతరం అంటే ఒక కృతి గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి వచ్చిన రూపం. స్వరం రాసిన పుస్తకం దానికి బదులు కాదు. పుస్తకంలో ‘రి’ అని ఒక్క అక్షరం ఉంటుంది. ఆ రిషభాన్ని నిలబెట్టి పలకాలా, కింది నుంచి తెచ్చి ఆనించాలా, ఊపాలా అన్నది గురువు నోటితో చెప్పేది. అలాంటివి ఒక్క కృతిలో వందల్లో ఉంటాయి. అందుకే ఒకే కృతి ఇద్దరు విద్వాంసుల దగ్గర రెండు కృతుల్లా వినపడుతుంది. గోదావరి జిల్లాల్లోనే చూడండి. రాజమండ్రిలో పుట్టిన వోలేటి వెంకటేశ్వర్లుగారు కాకినాడలో మునుగంటి వెంకట్రావు పంతులుగారి దగ్గర, తర్వాత శ్రీపాద పినాకపాణిగారి దగ్గర చదువుకున్నారు. పిఠాపురం పక్క కొత్తపల్లిలో పుట్టిన నేదునూరి కృష్ణమూర్తిగారూ పినాకపాణిగారి శిష్యులే. ఏలూరు దగ్గర సోమవరప్పాడు నుంచి వచ్చిన వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామిగారేమో పారుపల్లివారి శిష్యులు, అంటే బాలమురళికి గురుసోదరుడు. ఈ రెండు దారుల్లో నేర్చిన పిల్లల్ని ఒకే వేదిక మీద కూర్చోబెట్టి ఒకే కృతి పాడించండి, రెండో సంగతికే (అదే పాదాన్ని కొంచెం మార్చి మళ్లీ పాడే చోటే) ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఏది ఒప్పు అని తగువు పడడం దండగ. ఒక కృతికి ఒక పాఠం ఎంచుకుని చివరిదాకా దానితోనే ఉండాలి.

పారుపల్లివారి పాఠంలో, బాలమురళి గొంతులో మరీ స్పష్టంగా వినపడేది పదవిభజన. త్యాగయ్యగారు రాసింది తెలుగు. మనకు అర్థమయ్యే భాష కదా అన్న ధీమాతోనే మన పిల్లలు దాన్ని ఎక్కువ పాడుచేస్తారు. హంసనాదంలో ‘బంటురీతి కొలువు’ కృతి తీసుకోండి. అనుపల్లవిలో ‘తుంట వింటి వాని’ అని వస్తుంది. తుంట అంటే చెరకు. చెరకు విల్లు పట్టుకున్నవాడు మన్మథుడు. చెరకు తోటల మధ్య పుట్టినవాళ్లం కూడా ఆ మాటను ‘తుంటవిం’ దగ్గర విరిచి, ఊపిరి పీల్చి, ‘టివాని’ అని అందుకుంటే ఎలా? చరణంలో ఒక బంట్రోతు సరంజామా అంతా వరసగా ఉంది: తొడుక్కున్న కంచుకం, ముద్రబిళ్ల, కత్తి. రోమాంచమే కంచుకం, రామభక్తుడన్నదే బిళ్ల, రామనామమే ఖడ్గం. నౌకరీ అడుగుతున్న మనిషి పాట అని తెలిస్తే గొంతు తనంతట తనే సరైన చోట ఆగుతుంది.

నేర్పేటప్పుడు వరస ఇలా పెట్టుకుంటే నష్టం తక్కువ. మొదటి రోజు రాగం ఊసే వద్దు. సాహిత్యం కాగితం మీద రాసి, వచనంలా మూడుసార్లు చదివించాలి. ఆగే చోట పెన్సిలుతో గీత పెట్టించాలి. రెండో రోజు తొడ మీద తాళం వేస్తూ అదే మాటలు స్వరం లేకుండా పలికించాలి. ఇక్కడే అసలు చిక్కు బయటపడుతుంది. తాళంలో మాట సాగే చోటు, అర్థంలో మాట విరిగే చోటు ఒకటి కావు. సాగదీయాల్సి వచ్చినప్పుడు అచ్చును సాగదీయాలి, మాటను తుంచకూడదు. ‘కొలువీయవయ్య’లో ‘లు’ దగ్గర గీత పెట్టుకుని ఊపిరి తీసే అలవాటు ఒకసారి పడితే ఏడాదికీ పోదు. మూడో రోజు నుంచి స్వరం. ఊపిరి కోసం గీత పెట్టిన చోటు తప్ప ఇంకెక్కడా ఆగనివ్వకూడదు. ఊపిరి చాలకపోతే కాలం కొంచెం పెంచండి. గీతను మాత్రం జరపొద్దు.

సంగతుల సంగతి కూడా ఇంతే. పల్లవిని ఒక్కో మెట్టూ పెంచుకుంటూ పోయే సంగతులు త్యాగయ్యగారి కృతుల ప్రాణం. ఒక్కో సంగతిలో మారేది సాధారణంగా ఒక్క ముక్కే, మిగతాది ముందు సంగతిలో ఉన్నట్టే ఉంటుంది. పిల్లలు రికార్డు విని ఆఖరి సంగతి ముందు పట్టేస్తారు, బాగుంది కాబట్టి. అప్పుడు మధ్యలో మెట్లు లేక పాట గోడెక్కి దూకినట్టు ఉంటుంది. ఒకటో సంగతి పదిసార్లు, రెండోది పదిసార్లు, ఆపైన ఒకటి రెండూ కలిపి అయిదుసార్లు, తర్వాతే మూడోది. విసుగ్గానే ఉంటుంది. అయినా దగ్గరిదారి లేదు.

ఆభేరిలో ‘నగుమోము’ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బాలమురళి గొంతులో ఆ పాట వినని ఇల్లు డెల్టాలో ఉండదు. ఈ రాగానికి పాత రూపంలో ఉన్నది శుద్ధ ధైవతం, అంటే కింది మెట్టు ధ. ముత్తుస్వామి దీక్షితులవారి సంప్రదాయంలో ఇప్పటికీ అదే. ఇవాళ కచేరీల్లో వినపడేది చతుశ్రుతి ధైవతం, దానికి పై మెట్టు. బాలమురళి పాడిందీ ఇదే. ఆరోహణ స గ మ ప ని స, అవరోహణ స ని ధ ప మ గ రి స. తప్పు పోయేది ఎక్కువగా ఆరోహణలోనే. స నుంచి గ కు ఎక్కేటప్పుడు నోరు అలవాటుగా రి ని తాకుతుంది, ప నుంచి ని కి ఎక్కేటప్పుడు ధ ని తాకుతుంది. రెండూ తగిలాయంటే అది ఖరహరప్రియ అనే వేరే రాగం అయిపోయింది. సరిదిద్దే మార్గం: స గ స, స గ మ గ స, ప ని ప, ప ని స ని ప అనే నాలుగు ముక్కల్ని ఊపు లేకుండా, బల్లపరుపుగా, నెమ్మదిగా పలికించడం. గమకం, అంటే స్వరాన్ని ఊపడం, తర్వాత వస్తుంది. చరణంలో ‘ఖగరాజు నీ యానతి విని’ అన్నచోట ‘నీ’ తర్వాత చిటికెడు చోటు ఇవ్వాలి. గరుత్మంతుడు నీ ఆనతి విని రాలేడా అని అడుగుతున్నాడాయన. ‘నీయా’ అని కలిపేస్తే ఆ అడగడం వినపడదు.

బాలమురళిని అనుకరించేవాళ్లు మొదట పట్టుకునేది మెరుపులాంటి బిరకాలు (వేగంగా దొర్లే స్వరాల వరసలు), అదీ తారస్థాయిలో, అంటే పై స్థాయిలో. నా లెక్కలో పట్టుకోవాల్సింది కింద ఉంది. ఆయన మంద్రంలో, అంటే కింది స్థాయిలో, ఎంత తీరిగ్గా, ఎంత నిండుగా దిగేవారో వినండి. పై స్థాయి తేలిగ్గా పలకడానికి కారణం ఆ కింది పునాదే. సాధనకు తెల్లవారుజాము మంచిదనడంలో మహత్తేమీ లేదు. అప్పుడు గొంతు ఇంకా మాటలతో అలిసిపోలేదు, ఊళ్లో చప్పుడు లేదు, శ్రుతి చెవికి తెలుస్తుంది. మధ్యస్థాయి స మీద అయిదు నిమిషాలు, అక్కడి నుంచి ఒక్కో మెట్టూ దిగి మంద్ర పంచమం దాకా, ఒక్కో స్వరం మీద రెండు మూడు నిమిషాలు, అకారంతో. గొణగకూడదు, నోరు తెరిచే పలకాలి. కింది స్వరం అందడం లేదని గడ్డం ఛాతీకి ఆనిస్తారు చాలామంది. అప్పుడు వచ్చేది గొంతు నొక్కిన గరగర. అందకపోతే శ్రుతి అర మెట్టు పెంచుకోండి, సిగ్గేం లేదు. ఇరవై నిమిషాల తర్వాత గొంతులో గీర పుడితే ఆ రోజుకి ఆపేయాలి.

ఆయన సొంత రచనల దగ్గరికి వస్తే ఇంకో ముడి కనపడుతుంది. వెంకటసుబ్బయ్యగారి శిష్యుడు మహా వైద్యనాథ అయ్యరు డెబ్భైరెండు మేళకర్తల్నీ (ఏడు స్వరాలూ ఉండే తల్లి రాగాల్నీ) కలిపి ఒక్క రాగమాలిక కట్టారు. అదే గురువు నుంచి దిగిన ఇంకో పాయలో, బాలమురళి పదిహేనేళ్లు నిండే లోపే ఆ డెబ్భైరెండింటిలో విడివిడిగా కృతులు కట్టారు. ‘జనక రాగ కృతి మంజరి’ పేరుతో అవి 1952లో అచ్చయ్యాయి. ఆపైన నాలుగు స్వరాల రాగాలు తెచ్చారు: మహతి, లవంగి, సుముఖం వంటివి. మూడే స్వరాలవీ ఉన్నాయి. రాగానికి అయిదు స్వరాలైనా ఉండాలన్న పాత మాటను ఎత్తి చూపుతూ వీణ ఎస్. బాలచందర్ 1980ల్లో గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఆ వాదన ఇప్పటికీ సభల్లో నలుగుతూనే ఉంది. వాదన ఎటు తేలినా, నేర్చుకునేవాడి చెవికి ఈ రాగాలు పెట్టే పరీక్ష గొప్పది.

మహతి: స, అంతర గాంధారం, ప, కైశికి నిషాదం. హార్మోనియం మెట్లలో లెక్కేస్తే స నుంచి గ కు నాలుగు, గ నుంచి ప కు మూడు, ప నుంచి ని కి మూడు, ని నుంచి పై స కు రెండు. ఒకటి శ్రుతిలో (స ను C మెట్టు మీద) పెట్టుకుంటే మూడు తెల్ల మెట్లు, ని ఒక్కటి నల్ల మెట్టు. ఇందులో రి, మ, ధ లేవు. కాబట్టి ఇది ఏ మేళకర్త బిడ్డో చెప్పడం కుదరదు. రిషభం మూడు రకాలు, మధ్యమం రెండు, కైశికి నిషాదానికి ముందు రాగల ధైవతాలు రెండు. మూడు రెళ్లు ఆరు, ఆరు రెళ్లు పన్నెండు. అంటే పన్నెండు మేళాల్లో దేనికైనా ఇది పుట్టవచ్చు: శుద్ధమధ్యమం వైపు వకుళాభరణం, చక్రవాకం, చారుకేశి, హరికాంభోజి, రాగవర్ధని, వాగధీశ్వరి, వాటికి ఎదురుగా ప్రతిమధ్యమం వైపు నామనారాయణి, రామప్రియ, రిషభప్రియ, వాచస్పతి, జ్యోతిస్వరూపిణి, నాసికాభూషణి.

పాడేవాడి కష్టం కూడా ఇక్కడి నుంచే పుడుతుంది. గ నుంచి ప కు వెళ్తుంటే మ మీద, ని నుంచి ప కు దిగుతుంటే ధ మీద కాలు పడుతుంది. పడిందంటే ఖమాసో, కాంభోజో తొంగిచూస్తుంది. అంతర గాంధారాన్ని అలవాటు ప్రకారం ఊపితే ఆ ఊపు మధ్యమాన్ని తాకుతుంది. నిషాదాన్ని ఊపితే ధైవతాన్ని తాకుతుంది. కాబట్టి మహతిలో స్వరాలు దాదాపు నిటారుగానే నిలబడాలి. చిన్న చిన్న తాకుడులు రాగంలో ఉన్న స్వరాల నుంచే రావాలి: ని కి పై స నుంచి, గ కు ప నుంచి. ‘మహనీయ మధుర మూర్తే’ నేర్పే ముందు వారం రోజులు స గ ప ని స అనే అయిదు మెట్లనే దాటు వరసల్లా పాడించండి: స ప గ ని ప స, మళ్లీ కిందికి. కాల్లో ముల్లు గుచ్చుకున్నట్టు ఎక్కడో ఒకచోట మధ్యమం వినపడుతుంది. అక్కడే ఆపి మళ్లీ.

లవంగి ఇంకో రకం గొడవ. స, శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం. మెట్లు ఒకటి, నాలుగు, మూడు, నాలుగు. పంచమం లేదు. మ నుంచి పై స కు ఉన్న దూరం, స నుంచి ప కు ఉన్న దూరం ఒకటే. అందుకని పది నిమిషాలు పాడేసరికి చెవి మధ్యమాన్నే షడ్జం (స) అనుకోవడం మొదలుపెడుతుంది, పిల్లవాడికి తెలియకుండానే పాట వేరే ఇంటికి మారిపోతుంది. తంబురా పంచమం తీగను మధ్యమానికి దింపితే మేలనుకుంటారు, నిజానికి జారుడు పెరుగుతుంది. సాధనలో ఆ తీగ మీటకుండా, రెండు సారణులూ (షడ్జం తీగలూ) మంద్రమూ (కింది షడ్జం తీగా) మాత్రమే మీటడం మంచిది. ‘ఓంకారాకారిణి’ కృతిలో ప్రతి ఆవృత్తం చివరా షడ్జం మీద వచ్చి నిలబడి శ్రుతితో సరిచూసుకోమనండి. సుముఖంలో చతుశ్రుతి రిషభం, ప్రతిమధ్యమం, కాకలి నిషాదం. అది ఈ రెండూ కుదిరినవాళ్లకి.

తంబురా మాట వచ్చింది కాబట్టి: సముద్రానికి ఇంత దగ్గరగా, ఉప్పుగాలిలో దాన్ని కాపాడుకోవడం ఒక పని. ఉక్కు తీగలు నెలల్లో తుప్పు పడతాయి, ఇత్తడి మంద్రం నల్లబడుతుంది. మీటడం అవగానే పొడిగుడ్డతో తీగ పొడవునా తుడవాలి. కొబ్బరినూనె రాసేవాళ్లున్నారు. దుమ్ము పట్టి నాదం మొద్దుబారుతుంది, వద్దు. వానాకాలం తీగలు బిగించే బిరడాలు ఉబ్బి బిగుసుకుంటాయి. బలంగా తిప్పితే మెడ చీలుతుంది. పొడి గదిలో ఒక పూట ఆరనిచ్చి, అప్పుడు తిప్పాలి. ఎండాకాలం అవే బిరడాలు జారిపోతాయి. సుద్దపొడి కొద్దిగా పూస్తే నిలుస్తాయి. గుర్రం మీద తీగ కింద పెట్టే జీవాళి దారం తేమ పీల్చి లావెక్కితే ఆ ఝుంకారం చచ్చిపోతుంది. దారం మార్చడమే మందు. పెట్టెలో వచ్చే శ్రుతి యంత్రానికి ఈ బాధలేవీ లేవు, నిజమే. కానీ తంబురా శ్రుతి చేయడం రానివాడికి శ్రుతి తప్పితే తెలియదు.

ఇదంతా ఊళ్లో నలుగురికీ వినపడేది ఏడాదికొకసారి, ఆరాధననాడు. పుష్య బహుళ పంచమి సంక్రాంతికి కాస్త ముందో, రెండు మూడు వారాల లోపు తర్వాతో వస్తుంది. పండగ పనులూ, కనుమనాటి ప్రభల తీర్థాలూ ఆ రోజుల్లోనే కాబట్టి చివరి నిమిషం సాధన కోనసీమలో జరగని పని. కార్తీకంలో మొదలుపెట్టినవాళ్లకే త్యాగయ్యగారి పంచరత్న కృతులు అయిదూ అందుతాయి: నాటలో జగదానందకారక, గౌళలో దుడుకుగల, ఆరభిలో సాధించెనే, వరాళిలో కనకన రుచిరా, శ్రీరాగంలో ఎందరో మహానుభావులు. అయిదూ ఆదితాళమే.

బృందంగా పాడేటప్పుడు మొదటి తగువు శ్రుతి. మగవాళ్లకు ఒకటి, ఒకటిన్నర. ఆడవాళ్లకు అయిదు, అయిదున్నర. మధ్యే మార్గమని ఎక్కడో పెడితే ఇద్దరికీ సుఖం ఉండదు, ఒకరు అరుస్తారు, ఇంకొకరు గొణుగుతారు. జనం సరిపడా ఉంటే రెండు గోష్ఠులుగా పాడించడమే మర్యాద. లేదంటే ఎవరు ఎక్కువమంది ఉంటే వాళ్ల శ్రుతి.

రెండోది హార్మోనియం. నాటకూ ఆరభికీ పనికొస్తుందేమో గానీ గౌళకు పనికిరాదు. గౌళ రిషభం మామూలు శుద్ధ రిషభం చోటు కన్నా కాస్త కిందుగా పలుకుతుంది, ఆ మెట్టు పెట్టెలో లేదు. వరాళి మధ్యమమూ అంతే, పంచమాన్ని ఆనుకుని ఉంటుంది. పక్కన వయొలిన్ ఉంటే హార్మోనియం మూసేయండి. ఆరభిలో ఇంకో జాగ్రత్త: గాంధార నిషాదాల్ని పట్టుకుని నిలబడకూడదు, తాకి వెళ్లిపోవాలి. నిలబడితే శంకరాభరణం వినపడుతుంది. శ్రీరాగంలో గాంధారం అవరోహణలో ‘రి గ రి స’గా మాత్రమే వస్తుంది.

వరాళికి వేరే చరిత్ర ఉంది. గురువు శిష్యుడికి వరాళి నేరుగా చెబితే ఇద్దరికీ చెడుతుందన్న నమ్మకం పాతది. అందువల్ల నాలుగో రత్నం చాలా ఊళ్లలో ఎవరూ సరిగా నేర్చుకోరు. మూడు కృతులు గట్టిగా సాగి, నాలుగోదానికి గొంతులన్నీ సన్నబడి, ‘ఎందరో’కి మళ్లీ ప్రాణం లేచొస్తుంది. నమ్మకం ఉన్నవాళ్లు రికార్డు విని నేర్చుకోవచ్చు. అందులో గురువు ఎదురుగా లేడు కదా!

సాధించెనేలో గాడి తప్పడానికి కారణం వేరు. మిగతా కృతుల అలవాటుతో చరణం అవగానే పల్లవికి పోతారు. ఇందులో పోవాల్సింది ‘సమయానికి తగు మాటలాడెనే’ అన్నదానికి. ముప్ఫైమంది కూర్చున్నచోట సగంమంది ఒకటి, సగంమంది ఇంకొకటి అందుకుంటే మృదంగం ఆయన చెయ్యి గాల్లో ఆగిపోతుంది. ముందు వరస మధ్యలో ఒకరిని నాయకులుగా పెట్టి, ఆయన చెయ్యి అందరికీ కనపడేలా కొంచెం ఎత్తులో కూర్చోబెట్టాలి. ప్రతి చరణంలోనూ ముందు స్వరం, వెంటనే అదే స్వరానికి సాహిత్యం. స్వరం అందరూ పాడనక్కర్లేదు. బాగా వచ్చిన అయిదారుగురు స్వరం పాడి, సాహిత్యానికి అందరూ కలిస్తే మాట స్పష్టంగా ఉంటుంది. వెనక వరస ఎప్పుడూ పావు మాత్ర ఆలస్యంగా ఉంటుంది, ముందు గొంతులు విని అందుకుంటారు కాబట్టి. వాళ్లను చెవితో కాకుండా కంటితో తాళం చూసి పాడమని సాధనలోనే చెప్పాలి. మైకు నాయకుడికొకటి, వయొలిన్‌కొకటి చాలు. మృదంగానికి పెట్టొద్దు. తేమకి ఎడమ మూత సడలితే దానికి పూసే రవ్వముద్ద కాస్త గట్టిగా కలపాలి, అంతే.

పొద్దున్న ఉంఛవృత్తికి (పాడుతూ వీధుల్లో భిక్షకు తిరగడానికి) బయల్దేరేటప్పుడు స్వామి పటం ముందు పాడే దివ్యనామ కీర్తనలు చిన్నవి, పిల్లలకివ్వండి. అయిదు రత్నాలకీ గంట సుమారు పడుతుంది. ఆపైన విడివిడిగా పాడేవాళ్లకి తలొక కృతి, సాయంత్రం సౌరాష్ట్రంలో ‘నీ నామ రూపములకు’ మంగళం. అది అయ్యాక తంబురా తీగలు తుడిచి, అర చుట్టు సడలించి, గుడ్డ కప్పి, గోడకు ఆనించకుండా పడుకోబెట్టాలి.